జెనోవాలో శని, ఆదివారాలు: మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మతో, మాంసం ముట్టని నాన్నతో

మీరు అడిగినది ఇది: మిలాన్‌లో చదువుకుంటున్నారు, చీరాల నుంచి అమ్మానాన్నలు వచ్చారు, ఒక శని, ఆదివారాలు వాళ్లను ఇటలీ రేవు పట్టణం జెనోవా తీసుకెళ్లాలి. ఏ నెలలో వెళితే మంచిది? అమ్మగారికి మోకాళ్ల నొప్పి. ఇద్దరూ శాకాహారులు. పనిలో పనిగా ఆదివారం చింక్వె తెర్రె ఊళ్లు కూడా చుట్టేసి రావచ్చా?

వద్దు. జెనోవా నుంచి అక్కడికి రైల్లో పోను రాను మూడు గంటల దాకా పడుతుంది. ఆ అయిదు ఊళ్లలో చాలా వరకు కొండ అంచున మెట్ల మీద కట్టినవి. వేసవి సెలవు రోజుల్లో ప్లాట్‌ఫారం మీద నిలబడటానికే చోటు దొరకదు. సాయంత్రానికి అమ్మగారికి మోకాళ్లు తప్ప మరేదీ గుర్తుండదు. వాటికోసం ఇంకోసారి విడిగా వెళ్లండి. రెండు రోజులూ జెనోవాకే ఇవ్వండి. అయినా సగం ఊరు మిగిలిపోతుంది.

నేను ఈ వైపు చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఇంటికి వచ్చిన చుట్టాలను జెనోవా తిప్పే పని ఎప్పుడూ నాకే పడుతుంది. వాళ్లందరిలోనూ ఒకటి గమనించాను. మొదటి రెండు గంటలు ముఖాలు చిన్నబుచ్చుకుంటారు. రేవు ఎదుటే, సముద్రానికీ ఊరికీ మధ్య, 1965లో కట్టిన ఎత్తయిన మోటారు వంతెన అడ్డుగోడలా సాగుతుంది. దాని వెనక సందులు. రెండు చేతులూ చాపితే ఇటు గోడా అటు గోడా తగిలేంత ఇరుకువి కూడా ఉన్నాయి. పైకి చూస్తే ఆరేడు అంతస్తులు, మధ్యలో ఆకాశం ఒక చీలిక. ‘ఇదేనా ఇంత పేరున్న ఊరు?’ అని నాన్నగారు అడిగితే కంగారు పడకండి. ఈ ఊరు వెలుపలి నుంచి చూడటానికి కట్టినది కాదు. లోపలికి వెళ్లాలి, లేదా పైకి ఎక్కాలి. మీ ప్రయాణమంతా ఈ రెండింటి చుట్టూ అల్లుకోండి.

దీనికి కారణం ఆ నేలలోనే ఉంది. కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి, మధ్యలో మిగిలే చదును కొద్దిపాటిదే. అందుకే ఇళ్లు పక్కకు కాకుండా పైకి పెరిగాయి. రెండో కారణం డబ్బు. జెనోవా ఒకప్పుడు వెనిస్‌తో పోటీ పడిన స్వతంత్ర గణరాజ్యం. దాని ప్రభుత్వం దగ్గర ఎప్పుడూ పెద్దగా సొమ్ము ఉండేది కాదు. ఉన్నదంతా దోరియా, స్పినోలా, గ్రిమాల్డి వంటి కుటుంబాల దగ్గర ఉండేది. ఒక్కో వంశానికి తన చిన్న చౌకు, తన చర్చి, తన సందులు. 1528లో నౌకాసేనాని అందరెయా దోరియా ఫ్రాన్స్‌ను వదిలి, స్పెయిన్‌ను ఏలుతున్న చక్రవర్తి అయిదవ చార్లెస్ పక్షం చేరాక, ఈ వర్తకులు స్పెయిన్ రాజులకే అప్పులిచ్చే స్థాయికి ఎదిగారు. అయితే వచ్చిన రాజులకు, రాయబారులకు విడిది ఇవ్వడానికి ప్రభుత్వానికి తగిన రాజభవనం లేదు. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. ఊళ్లో గొప్ప ఇళ్లన్నిటినీ హోదా ప్రకారం జాబితా రాసి, 1576లో శాసనం చేశారు. అతిథి వస్తే, ఆయన స్థాయికి తగిన వరుసలోంచి ఎవరి పేరు వస్తే ఆ ఇంటి యజమాని తన ఖర్చుతో మర్యాదలు చేయాలి. ఆ జాబితాలనే రోల్లి అంటారు. ఆ భవనాల్లో కొన్నిటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏటా వసంతంలోనూ శరదృతువులోనూ ‘రోల్లి రోజులు’ జరుపుతారు. మామూలుగా మూసి ఉండే ఇళ్లు అప్పుడు జనానికి తెరుస్తారు. మీ తేదీలు మార్చుకునే వీలుంటే ఆ రోజులు చూసుకోండి.

ఇక శనివారం. పాత ఊరికి శనివారమే సరైనది. ఆదివారం సందుల్లోని పాత దుకాణాలు చాలా వరకు మూసి ఉంటాయి, దుకాణాలు మూస్తే సందులు బోసిపోతాయి. మిలాన్‌లో ఉదయం రైలెక్కితే రెండు గంటల లోపే జెనోవా పియాట్సా ప్రిన్చీపె స్టేషన్‌లో దిగుతారు. అక్కడి నుంచి నడవద్దు. మెట్రో ఎక్కి దె ఫెర్రారిలో దిగండి. ఊరికి ఉన్నది ఒక్కటే మెట్రో లైను, దారి తప్పే అవకాశం లేదు. దె ఫెర్రారి చౌకులో పెద్ద కంచు ఫౌంటెన్ ఉంటుంది. అక్కడ కాసేపు కూర్చోబెట్టి, మెల్లగా గరిబాల్డి వీధికి తీసుకెళ్లండి. పదహారో శతాబ్దం మధ్యలో కొత్తగా వేసిన వీధి ఇది. పొడవు రెండు వందల యాభై మీటర్లు మించదు. వాహనాలు రావు, దాదాపు చదునుగా ఉంటుంది. రెండు వైపులా వరసగా భవనాలు. చిత్రకారుడు రూబెన్స్ ఈ ఇళ్లు చూసి ఎంత ముచ్చటపడ్డాడంటే, వీటి నక్షాలను 1622లో ఆంట్వెర్ప్‌లో అచ్చు వేయించాడు.

ఎర్ర భవనం, తెల్ల భవనం, దోరియా తుర్సి భవనం, ఈ మూడూ కలిపి ఒకే మ్యూజియం, ఒకే టికెట్. మూడూ పూర్తిగా చూడాలని పట్టుపట్టకండి. ఎర్ర భవనంలో చిత్రకారుడు వాన్ డైక్ గీసిన బ్రిన్యోలే సాలె కుటుంబం బొమ్మలు చూడండి. తుర్సిలో వయొలిన్ విద్వాంసుడు పగానిని వాయించిన వయొలిన్ చూడండి. 1743లో క్రెమోనాలో గ్వర్నేరి దెల్ జెజు చేసిన వాయిద్యం అది. దాని నాదం జోరు చూసి పగానిని దానికి ‘ఫిరంగి’ అని పేరు పెట్టుకున్నాడు, పోతూ తన సొంత ఊరికి రాసిచ్చాడు. దారిలో 7వ నంబరు ఇంటి గేటు తెరిచి ఉంటే లోపలికి తొంగి చూడండి. నీలం, తెలుపు సున్నపు నగిషీల ముఖద్వారం దాటగానే, పెరట్లో కొండగుహలా మలిచిన ఫౌంటెన్ కనబడుతుంది. వీధిలో నిలబడి చూస్తే అది అక్కడ ఉందని అనుమానం కూడా రాదు. జెనోవాలో ఎక్కడైనా సరే, తెరిచి ఉన్న పెద్ద తలుపు కనబడితే ఆగి లోపలికి చూడటం అలవాటు చేసుకోండి.

నన్నడిగితే వీటన్నిటికంటే మీ అమ్మగారికి నచ్చేది స్పినోలా భవనం. సందుల నడుమ పెల్లిచ్చెరియా చౌకులో ఉంటుంది. 1958లో ఆ కుటుంబం ఇంటిని సామానుతో సహా ప్రభుత్వానికి ఇచ్చేసింది. అందుకే మ్యూజియంలా కాకుండా, ఇంటివాళ్లు ఊరెళ్లినప్పుడు మనం వచ్చినట్టు ఉంటుంది. అద్దాల హాలు ఉంది, రూబెన్స్ గీసిన గుర్రపు రౌతు బొమ్మ ఉంది, వంటిల్లు కూడా ఉంది. నేను తీసుకెళ్లిన పెద్దవాళ్లు బొమ్మల ముందు ఒక్క నిమిషం ఆగితే, ఆ పొయ్యి దగ్గర, గిన్నెల దగ్గర పది నిమిషాలు నిలబడ్డారు.

మధ్యాహ్నం భోజనం మాట. శాకాహారులకు ఇటలీలో ఇంతకంటే తేలికైన ఊరు నాకు తెలియదు. ముందు ఫరినాతా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. ఆ పిండిని పల్చగా కలిపి నానబెట్టి, కళాయి పూసిన పెద్ద రాగి పళ్లెంలో పోసి, కట్టెల పొయ్యిలోకి తోస్తారు. అంచు కరకరలాడుతుంది, మధ్యలో మెత్తగా జారుతుంది, పైన మిరియాల పొడి. మన శనగపిండి అట్టును కట్టెల మంటలో కాల్చినట్టు ఉంటుంది. నాన్నగారు రెండో ముక్క అడగకపోతే నాకు ఆశ్చర్యమే. కొన్ని చోట్ల దాని మీద చిన్న చేపపిల్లలు చల్లినది కూడా అమ్ముతారు, కాబట్టి ‘సెంప్లిచె’, అంటే ఉత్తదే, అని అడగండి. అదే శనగపిండిని ఉడికించి, చల్లార్చి, ముక్కలు కోసి వేయించే పనిస్సా కూడా ఉంటుంది. ఇవి రేవు ఎదుట సొత్తొరీపా వరండాల కింద దొరుకుతాయి. మధ్యయుగాల నాటి ఆ వంపుల కింద వేపుళ్ల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. ఒక్క జాగ్రత్త: అక్కడ చేపలు వేయించిన నూనెలోనే పనిస్సా కూడా వేయిస్తారు. ఆ పట్టింపు ఉంటే పనిస్సా మానేసి, పొయ్యిలో కాల్చిన ఫరినాతాతో సరిపెట్టుకోండి.

రెండోది పెస్తో, అంటే బేసిల్ ఆకు పచ్చడి. సబ్జా గింజలు వచ్చే మొక్క జాతే ఈ ఆకు. ఊరికి పడమటనున్న ప్రా దగ్గర గాజు ఇళ్లలో పెంచి, ఆకు చిన్నగా ఉండగానే వేళ్లతో సహా పీకి కట్టలు కడతారు. దానితో వెల్లుల్లి, పైన్ గింజలు, కల్లుప్పు, చీజ్, ఆలివ్ నూనె. పాత పద్ధతిలో చలువరాతి రోట్లో, కర్ర పచ్చడి బండతో నూరుతారు. త్రోఫియె అనే చిన్న మెలికల పాస్తాతో తినండి. దాన్ని పిండి, నీళ్లతోనే చేస్తారు, గుడ్డు పడదు. బంగాళదుంప ముక్కలు, బీన్స్ కూడా అందులోనే ఉడికిస్తారు. ఒక్క విషయం దాచకుండా నాన్నగారికి ముందే చెప్పండి: పెస్తోలో పడే పర్మిజానో చీజ్ చేసేటప్పుడు పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. కొందరు శాకాహారులు దీన్ని పట్టించుకోరు, కొందరు పట్టించుకుంటారు. తిన్నాక తెలియడం కంటే ముందే తెలిసి ఆయనే తేల్చుకోవడం మేలు. పాన్సోటి అనే ఆకుకూర పూర్ణం పాస్తాను అక్రోటు పచ్చడితో ఇస్తారు. చాలా రుచిగా ఉంటుంది, కానీ గుడ్డు కలుస్తుంది.

ఇక ఫొకాచా. ఉదయం ఏ రొట్టెల దుకాణం ముందు నిలబడినా ఆ వాసనే. వేళ్లతో నొక్కిన గుంటల్లో నూనె నిలిచి మెరుస్తుంటుంది, పైన ఉప్పు కళ్లు. ఊరివాళ్లు ముక్కను తిరగేసి, ఉప్పున్న వైపు నాలుకకు తగిలేలా కొరుకుతారు. కాపుచినోలో ముంచుకుని కూడా తింటారు. వింతగా అనిపిస్తుంది గానీ చేసి చూడండి. పిండిలో పంది కొవ్వు కలిపేవాళ్లు అక్కడక్కడ ఉన్నారు. ‘చె స్త్రుత్తో?’ అని అడిగితే చాలు, ఉందో లేదో సూటిగా చెబుతారు.

హోటళ్ల వంటిళ్లు మధ్యాహ్నం రెండున్నరకల్లా కట్టేస్తాయి, మళ్లీ రాత్రి ఏడున్నరకే తెరుస్తాయి. ఆ మధ్యలో ఆకలి వేస్తే ఫొకాచాయే దిక్కు. బిల్లులో ‘కోపెర్తో’ అని తలకింత వేస్తారు. అది మోసం కాదు, బల్ల దగ్గర కూర్చున్నందుకు తీసుకునే రుసుము.

భోజనం అయ్యాక సొత్తొరీపా ఎదుటే సాన్ జోర్జో భవనం ఉంటుంది. దీన్ని వెలుపలి నుంచి చూస్తే చాలు, కానీ ఆగి చూడండి. 1260లో కట్టారు. తర్వాత 1407లో మొదలైన సాన్ జోర్జో బ్యాంకు ఇందులోనే నడిచింది. సముద్రం వైపు గోడ నిండా రంగు బొమ్మలు, నడుమ పాములాంటి మృగాన్ని చంపుతున్న జార్జ్ పునీతుడు. అయితే మీ నాన్నగారికి చెప్పవలసిన సంగతి వేరే ఉంది. 1298లో వెనిస్‌కూ జెనోవాకూ జరిగిన యుద్ధంలో చిక్కిన బందీల్లో మార్కో పోలో ఒకడు. ఆయన్ను ఈ భవనంలోనే బంధించారని ఊరివాళ్ల నమ్మకం. చెరలో ఉండగా పీసా నగరానికి చెందిన రుస్తికెల్లో అనే తోటి ఖైదీకి తన ప్రయాణాల కథ చెప్పి రాయించాడు. ఆ కథలో ‘ముత్ఫిలి’ అనే రాజ్యం వస్తుంది. భర్త పోయాక నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతున్న రాణి, వజ్రాల లోయలు, సాలెగూడు పోగులంత సన్నని బట్టలు. ఆ ముత్ఫిలి మీ చీరాలకు దగ్గర్లో ఉన్న మోటుపల్లే. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల గుర్తింపు. ఆమె తండ్రి గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయశాసనం వేయించింది కూడా ఆ మోటుపల్లిలోనే. మగ్గాల ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఆ సాలెగూడు బట్టల మాట ఆ గోడ ముందు నిలబడి చెప్పి చూడండి.

అక్కడి నుంచి సాన్ లొరెంజో వీధి వెంట కాస్త పైకి నడిస్తే ప్రధాన చర్చి. నలుపు, తెలుపు రాళ్ల చారలు. లోపల కుడివైపు ఒక ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు ఊరి మీద గుండ్లు కురిపించినప్పుడు ఒకటి పైకప్పు చీల్చుకుని లోపల పడింది, పేలలేదు. అలాంటి గుండునే జ్ఞాపకంగా అక్కడ ఉంచారు. పక్కనే సాన్ మత్తెయో చౌకు, దోరియాల అడ్డా. ఆ చర్చి తెల్ల రాళ్ల మీద ఆ వంశం గెలిచిన సముద్ర యుద్ధాల వివరాలు చెక్కి ఉంటాయి. చర్చి గోడను సొంత కీర్తికి వాడుకున్న తీరు చూస్తే ఆ కాలపు వర్తకుల ధైర్యం అర్థమవుతుంది.

కొలంబస్ ఇల్లు అని చూపించేదానికి టికెట్ కొనకండి. తర్వాతి కాలంలో తిరిగి కట్టినది. పక్కనున్న సొప్రానా కోట ద్వారం పన్నెండో శతాబ్దపుది, ఫొటో అక్కడ తీసుకోండి. అక్వేరియం బాగుంటుంది, కానీ సెలవు రోజుల్లో వరుసలోనే సగం పూట పోతుంది. చిన్నపిల్లలు లేనప్పుడు అవసరం లేదు. లాంతెర్నా దీపస్తంభం, 77 మీటర్ల ఎత్తు, ఇప్పటి రూపం 1543 నాటిది, దూరం నుంచి చూస్తేనే అందం. ఎక్కాలంటే మెట్లు చాలా ఉన్నాయి.

సాయంత్రం మాత్రం తప్పకుండా కస్తెల్లెత్తో లిఫ్టు ఎక్కండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లను నేను ధైర్యంగా ఈ ఊరికి తీసుకెళ్లేది దీని వల్లే. కొండ ఊరు కాబట్టి ఇక్కడ లిఫ్టులు, తాడు రైళ్లు బస్సుల్లాగే ఊరి రవాణాలో భాగం. గరిబాల్డి వీధి వెనకే పోర్తెల్లో చౌకు ఉంది. అక్కడ సొరంగంలోకి నడిచి వెళితే చివర పాతకాలపు లిఫ్టు. కూరగాయల సంచీలతో ముసలమ్మలు, బడి పిల్లలు, మీరు. తలుపు తెరుచుకునేసరికి ఊరి నెత్తి మీద ఉంటారు. పొద్దున మీరు ఆకాశాన్ని వెతుక్కున్న సందులన్నీ కింద బూడిదరంగు పలకరాతి కప్పుల మధ్య గీతల్లా కనబడతాయి. వాటి అవతల చర్చి గోపురాలు, రేవు క్రేన్లు, లాంతెర్నా, సముద్రం. బెంచీలు ఉన్నాయి. పొద్దు గూకేదాకా అమ్మగారిని లేపకండి.

బస గురించి ఒక చిట్కా. చిరునామాలో ‘సలీతా’ అని ఉంటే అది ఎక్కుడు దారి, మెట్లు ఖాయం. ‘వికో’ అంటే ఇరుకు సందు, టాక్సీ గుమ్మం దాకా రాదు. దె ఫెర్రారికీ బ్రిన్యోలె స్టేషన్‌కూ మధ్య వెడల్పాటి వీధుల్లో గది తీసుకోండి. ఇంకో తిరకాసు: ఇక్కడ ఒకే వీధిలో రెండు వరుసల నంబర్లు ఉంటాయి. ఇళ్లకు నలుపు, దుకాణాలకు ఎరుపు. చిరునామాలో నంబరు పక్కన ‘ఆర్’ అక్షరం ఉంటే ఎర్ర నంబరు వెతకాలి. ఇది తెలియక వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేవాళ్లను రోజూ చూడవచ్చు. రాత్రి పొద్దుపోయాక ప్రే వీధి, మద్దలేనా వైపు సందుల్లోకి పెద్దవాళ్లతో వెళ్లకండి. పగలు కూడా రద్దీలో పర్సు ముందు జేబులో ఉంచుకోండి.

ఆదివారం సముద్రానికి ఇవ్వండి. చింక్వె తెర్రె బదులు నెర్వి. బ్రిన్యోలె నుంచి లోకల్ రైల్లో పదిహేను, ఇరవై నిమిషాలు. స్టేషన్ దిగితే ఎదురుగానే నీళ్లు. కొండరాళ్ల అంచున, అలల పైన, దాదాపు రెండు కిలోమీటర్ల నడకదారి ఉంది. దానికి ఇటలీ ఏకీకరణ వీరుడు గరిబాల్డి భార్య అనీతా పేరు పెట్టారు. చదునైన రాతి పరుపు, పక్కన పిట్టగోడ, అక్కడక్కడ బెంచీలు. అమ్మగారు ఎంత దూరం నడవగలిగితే అంత దూరం నడిచి, అలిసిపోయిన చోట కూర్చోవచ్చు. వెనక పెద్ద పార్కులున్నాయి, ఉడుతలు ఉంటాయి. లోకల్ రైలుకు కాగితపు టికెట్ కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించడం మరవకండి. లేకపోతే జరిమానా.

ఇక ఏ నెలలో అన్నారు గనుక: ఏప్రిల్ నుంచి జూన్, లేదా సెప్టెంబరు. ఆగస్టులో ఎండ, పైగా సగం దుకాణాలకు సెలవు. అక్టోబరు, నవంబరుల్లో కుండపోత వానలు పడతాయి. 2011, 2014 సంవత్సరాల్లో ఊళ్లోకి వరద వచ్చింది. ‘అల్లెర్తా రొస్సా’ అనే ఎర్ర హెచ్చరిక వస్తే ఊళ్లో చాలా వాటికి తాళం పడుతుంది, ప్రయాణం వాయిదా వేయండి.

తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రమే కదా. బీచ్‌కి వచ్చిన మిలాన్ జనమంతా అప్పుడే వెనక్కి మళ్లుతారు. ప్రిన్చీపె దాకా వచ్చి ఎక్కితే నిలబడే వెళ్లాలి. మిలాన్ వెళ్లే ప్రాంతీయ రైళ్లు చాలా వరకు బ్రిన్యోలెలోనే బయల్దేరుతాయి. నెర్వి నుంచి అక్కడే దిగి, సామాను తీసుకుని, రైలు ప్లాట్‌ఫారం మీదకు రాగానే ఎక్కి కూర్చోండి. వీలైతే సీటు రిజర్వేషన్ ఉండే ఇంటర్‌సిటీ టికెట్ ముందే కొని పెట్టుకోండి.